కోళ్లగూటి గడియ

మా ఊరు బర్నీ లైబ్రరీలో నా నవల ఆవిష్కరణ. ఇలాంటి వేడుకకి ఎవరి పళ్లెం తిండి వాళ్లే తెచ్చి అందరికీ పంచడం మా టాస్మేనియాలో ఆనవాయితీ. మా అమ్మ నొయెలీన్ కొబ్బరికోరు అద్దిన చాక్లెట్ కేకులు తెచ్చి, ముందు వరసలో కూర్చుంది.

నవల్లో ఒక మంత్రగత్తె ఏడేళ్ల పిల్లని కోళ్లగూట్లో పెట్టి గడియ వేస్తుంది. పిల్లకి రెక్కలొస్తాయి. ఉన్నదున్నట్టు రాస్తే ఇంటి పరువు పోతుందని అద్భుత కథ చేశాను. అంత మర్యాదస్తుల కుటుంబం మాది. "ఏం ఊహాశక్తి" అని సమీక్షకుడు మురిసిపోయాడు. పాపం, నేను ఊహించింది రెక్కలొక్కటే.

అమ్మ కేకు నములుతూ వచ్చింది.

"ఆ మంత్రగత్తె అచ్చం మీ మెర్ల్ అత్తే కదే. రాక్షసి."

"అవునమ్మా," అన్నాను. ముప్పై ఏళ్లుగా కూడబెట్టుకున్న ధైర్యం ఆ ఒక్క మాటకే సరిపోయింది.

"ఒక్కటి మాత్రం తప్పు రాశావు. ఇనప గడియ అన్నావు. మన గూటికి గడియెక్కడిదే? తీగ చుట్టేదాన్ని. రోజూ నా వేళ్లు గీసుకుపోయేవి. అది మాత్రం రాయవు."