మానివేతకు పడిన వేలిముద్ర

నేను ఒక వేలిముద్ర యంత్రాన్ని. సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటాను. వేలు ఆనించడానికి ముందువైపు చిన్న గాజు పలక, దాని వెనక పచ్చ దీపం. నాకు వచ్చిన మాటలు రెండే. వేలు కుదిరితే "ధన్యవాదాలు" అంటాను. కుదరకపోతే "దయచేసి వేలు మళ్ళీ పెట్టండి" అంటాను. ఆ గొంతు ఎవరో అమ్మాయిది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

చెన్నై పొలిమేరల్లో ఒక షెడ్డులో నన్ను బిగించారు. మొదటి కొలువు విజయనగరం వైపు ఒక జనపనార మిల్లు గేటు దగ్గర. మూడేళ్ళు అక్కడ పొద్దున్నే ఆరింటికి గరుకు వేళ్ళు నా మీద వరసగా పడేవి. ఒకనాడు మిల్లుకు తాళం పడింది. కరెంటు తీసేయడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. నాలుగు రోజులు కార్మికులు వచ్చి, తాళం వైపు చూసి, ఎందుకైనా మంచిదని నా మీద వేలు పెట్టి వెళ్ళారు. నేను ప్రతి ఒక్కరికీ ధన్యవాదాలు చెప్పాను.

తర్వాత శ్రీకాకుళంలో ఒక కంప్యూటర్ షాపాయన నన్ను తూకానికి కొని, తడిగుడ్డతో తుడిచి, కొత్త స్టిక్కరు అంటించి, పలాస దగ్గరి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి కొత్తదానిగా అమ్మాడు. ఆఫీసు కిటికీ పక్కన గోడకు నన్ను బిగించారు. కిటికీ లోపల సన్యాసిరావు గారి బల్ల. స్కాలర్‌షిప్పుల పని చూసే గుమాస్తా ఆయన. ఆయన కంప్యూటరుకూ నాకూ మధ్య ఒక తీగ.

ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయం మీద చదివే పిల్లలు రోజూ నా మీద వేలు పెట్టాలి. హాజరు నూటికి డెబ్బై ఐదు రోజుల కంటే తగ్గితే సాయం ఆగిపోతుంది. సొంత డబ్బుతో చదివేవాళ్ళు నా వంక చూడకుండా వెళ్ళిపోయేవారు. వాళ్ళు రాకపోయినా వచ్చినట్టే. సాయం మీద చదివేవాళ్ళు మాత్రం, వచ్చి ఎదురుగా నిలబడినా, వచ్చామని రుజువు చేసుకోవాలి. మనుషులకు ఇందులో తప్పేమీ తోచలేదు. నన్ను అడిగినవాళ్ళూ లేరు.

గేదెల సుభాషిణి రెండో ఏడాది బీఎస్సీ. ఉద్దానంలోని పల్లె నుంచి బస్సులో వచ్చేది. కెమిస్ట్రీ అంటే ప్రాణం. ల్యాబు ఉన్న రోజు మెట్లు రెండేసి ఎక్కేది. వాళ్ళమ్మ దమయంతి జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. సెలవుల్లో సుభాషిణి కూడా వెళ్ళి పిక్కలు ఒలిచేది. జీడి రసానికి వేళ్ళ చర్మం ఊడిపోయి, నాకు గీతలు దొరికేవి కావు. ఒకటి, రెండు, మూడోసారికి గానీ ధన్యవాదాలు చెప్పలేకపోయేవాణ్ణి. ఆ అమ్మాయి విసుక్కోకుండా, వేలు చున్నీకి తుడుచుకుని మళ్ళీ పెట్టేది.

ఆ ఏడు వినాయక చవితి దాటాక ఆమె రావడం తగ్గింది. వారానికి రెండు రోజులు, ఒక్కోసారి ఒకటే. ఒక మధ్యాహ్నం సన్యాసిరావు గారు కిటికీలోంచి పిలిచారు.

"ఏమ్మా, నీ హాజరు యాభై నాలుగు శాతానికి పడిపోయింది. ఒంట్లో బాగోలేదా?"

"నాకు బాగానే ఉంది సార్. మా నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. అమ్మ పనిలోకి వెళ్ళకపోతే ఇల్లు గడవదు. నాన్నతో నేనే వెళ్తున్నాను."

సన్యాసిరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన మంచి మనిషి. ఇది నేను ఊరికే అనడం లేదు. ఫారాలు నింపడం రాని పిల్లలకు భోజనం మానేసి నింపి పెట్టేవారు.

"ఇలాగైతే డిటెయిన్ చేసేస్తారమ్మా. అది రికార్డులో మచ్చ. దానికన్నా ఈ ఏడాదికి నువ్వే మానేస్తున్నట్టు రాసిచ్చెయ్. నాన్న కుదుటపడ్డాక, వచ్చే జూన్‌లో మళ్ళీ సెకండియర్లో చేరిపోదువు గాని."

"మళ్ళీ చేరితే ఫీజు సాయం వస్తుందా సార్?"

"ఎందుకు రాదు? నీ పేరు మీద ఉన్నదే కదా."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలియదంతే. తెలియదన్న సంగతి కూడా ఆయనకు తెలియదు.

కాగితం ఆయనే రాసిపెట్టారు, ఆమె సంతకం చేసింది. కంప్యూటరులో కారణం ఎంచుకోవాలి. 'అనారోగ్యం' అని నొక్కితే విద్యార్థికే జబ్బు చేసినట్టు డాక్టరు కాగితం అడిగింది. తండ్రి జబ్బు చెప్పుకోవడానికి అందులో చోటు లేదు. 'సెలవు' అని నొక్కితే నెల దాటడానికి వీల్లేదంది. మిగిలింది 'చదువు మానివేత'. అది ఏమీ అడగలేదు. సన్యాసిరావు గారు అదే నొక్కారు. చివర విద్యార్థి అంగీకారానికి వేలిముద్ర కావాలంది.

సుభాషిణి బొటనవేలు నా గాజు మీద పెట్టింది. అప్పటికి రెండు నెలలుగా ఆమె పిక్కలు ఒలవలేదు. కొత్త చర్మం వచ్చింది. మొదటిసారికే గీతలన్నీ తేటగా పడ్డాయి. "ధన్యవాదాలు," అన్నాను. నాకు మూడో మాట వచ్చి ఉంటే 'ఆగు' అని ఉండేవాణ్ణేమో. ఏమో, నాకు మాత్రం ఏం తెలుసు గనక!

వేసవి నాటికి ఉద్దానం కిడ్నీ రోగులందరినీ కలిపి ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యాను ఒకటి వచ్చింది. తండ్రి దానిలో వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. జూన్ రెండో వారంలో సుభాషిణి కాలేజీకి వచ్చింది. ఇస్త్రీ చేసిన చుడీదారు, భుజాన సంచీలో ల్యాబు కోటు. సన్యాసిరావు గారు ఆమెను చూసి నిజంగానే సంతోషించారు.

"వచ్చేశావా తల్లీ! కూర్చో, ఇప్పుడే ఎక్కించేస్తాను."

దరఖాస్తు ఎక్కించారు. కంప్యూటరు తిరస్కరించింది. మళ్ళీ ఎక్కించారు. ఈసారి కారణం కూడా చూపించింది. మానేసిన విద్యార్థికి అదే కోర్సులో రెండోసారి సాయం లేదు. దాని కింద ఇంకో వరస ఉంది. నిరుడు మధ్యలో మానేసింది కాబట్టి ఆ ఏడాది ఫీజు కూడా ప్రభుత్వం కట్టదు. అంటే ఆ ఫీజు ఆమే కట్టాలి. కట్టేదాకా టెన్త్, ఇంటర్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలోనే ఉంటాయి. ఇక్కడ చదవడానికి లేదు. ఇంకోచోట చేరడానికీ లేదు.

సన్యాసిరావు గారు ఆ వరసను మూడుసార్లు చదివారు. కిటికీ అవతల సుభాషిణి నవ్వుతూనే నిలబడి ఉంది. ఆయన చెప్పలేక, కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పారు. ఆమె చదువుకుంది. మెల్లగా, "నేను అడిగాను కదా సార్," అంది.

మరునాడు దమయంతి పని మానుకుని వచ్చింది. జీడి రసానికి నల్లబడ్డ చేతులు చీర కొంగులో దాచుకుని, కాలేజీ నడిపే కరస్పాండెంటు గారి ముందు నిలబడింది.

"మా గుంట తప్పేటి బాబూ? నాన్నని సూసుకుందని సదువు తీసేత్తారేటి?"

కరస్పాండెంటు గారు కఠినుడు కాడు. కుర్చీ వేయించారు, టీ తెప్పించారు. "నేను తీయలేదమ్మా. పైనుంచి డబ్బు రాలేదు. లెక్చరర్లకి జీతాలివ్వాలి కదా. ఒకరికి వదిలేస్తే రేపు నలభైమంది నిలబడతారు," అన్నారు. దమయంతి టీ ముట్టుకోలేదు.

సన్యాసిరావు గారు సెలవు పెట్టి జిల్లా ఆఫీసుకు వెళ్ళారు. తప్పు సలహా తానే ఇచ్చానని, ఆ అమ్మాయి మానేయాలనుకోలేదని సొంత చేతిరాతతో రాసిచ్చారు. ఒకరోజు కాదు, నాలుగుసార్లు తిరిగారు. చివరిసారి వచ్చి కుర్చీలో కూలబడితే, సుభాషిణే సీసాతో నీళ్ళు అందించింది.

"పొరపాటు నాదని రాసిచ్చానమ్మా," అన్నారాయన. "వేలిముద్ర ఆ అమ్మాయిదే కదండీ అన్నారు. తేదీ, టైముతో సహా చూపించారు."

నేను గోడ మీదే ఉన్నాను. వాళ్ళకు చూపించడానికి దొరికింది నా సాక్ష్యమే. మనుషుల మాటను మనుషులు నమ్మరు గానీ నా మాటను మాత్రం తిరుగులేకుండా నమ్ముతారు.

కెమిస్ట్రీ మేడమ్ జాలిపడి, పేరు లేకపోయినా నెలన్నర క్లాసులో కూర్చోనిచ్చారు. సుభాషిణి రోజూ నా ముందునుంచే వెళ్ళేది, వేలు పెట్టకుండా. పరీక్ష ఫీజులు కట్టే రోజులు వచ్చాయి. జాబితాలో ఆమె పేరు లేదు. ఆ మర్నాటి నుంచి రాలేదు.

రెండేళ్ళు గడిచాయి. ముఖం చూసి గుర్తుపట్టే కెమెరాలు వచ్చాయి. నన్ను గోడ నుంచి ఊడదీసి, తీగ కత్తిరించి, పాడైన మౌసులూ కీబోర్డులూ ఉన్న అట్టపెట్టెలో వేసి, పాత సామాన్లవాడు వచ్చేదాకా సన్యాసిరావు గారి బల్ల కింద పెట్టారు. మూత సగం తెరిచే ఉంది. ఆ వారమే సుభాషిణి వచ్చింది. రెండేళ్ళు కరస్పాండెంటు గారి వెంటపడి, చివరికి ఆ బాకీ ఫీజుకు తాను హామీ సంతకం పెట్టి, సన్యాసిరావు గారు ఆమె సర్టిఫికెట్లు విడిపించారు.

కవరు అందుకుని, తెరిచి చూసుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"రొయ్యల కంపెనీ ల్యాబులో తీసుకుంటామన్నారు సార్. ఇంటర్ కాగితం చూపిస్తే చాలంట. ఇప్పటికి సీసాలు కడిగే పనే."

"డిగ్రీ?"

"ఇప్పుడు కాదు సార్."

"నన్ను నాలుగు తిట్టమ్మా," అన్నారు.

"మీరు మంచికే చెప్పారు కదా సార్," అంది సుభాషిణి. దండం పెట్టి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవారు.

అంతలో కిటికీ దగ్గర ఇంకో అమ్మాయి గొంతు వినిపించింది. "సార్, ఈ సెమిస్టరు మానేద్దామనుకుంటున్నాను. లెటరు ఏమని రాయాలి?"

సన్యాసిరావు గారు కుర్చీలోంచి లేచారు.

"నాకు తెలీదమ్మా," అన్నారు. "నేను కనుక్కునేదాకా నువ్వేమీ రాయకు."