ఎర్ర దారం

కాలరు, ముందు పట్టీ, ఏడు గుండీలు, రెండు చేతులు, పక్క కుట్లు, అంచు. చొక్కా తిరగేసి మళ్లీ అదే వరస. ఆమె వేళ్లు అప్పటికే నూట పదో చొక్కా మీద నడుస్తున్నాయి. పెదాలు మాత్రం శాతాలనూ నిష్పత్తులనూ నెమరేస్తున్నాయి. మేనేజ్‌మెంట్ కాలేజీ ప్రవేశ పరీక్ష రేపే. పరీక్ష రాసే ఊరికి నాలుగింటికి బస్సు. మూడున్నరకే వెళ్లడానికి అనుమతి తీసుకుంది.

కుట్టిన చొక్కాల్లో తప్పులు పట్టడం ఆమె పని. ఆ కుట్టు షెడ్డులో అందరూ ఆమెను ఉడుం అంటారు. చొక్కాలో చిన్న ముడత కనిపిస్తే చాలు, దాని అంతు తేల్చేదాకా వదలదు. తప్పున్న చొక్కా కాజాకి ఎర్ర దారం కట్టి, పక్కనున్న బుట్టలో పడేసి, షిఫ్టు చివర తీరిగ్గా చూడాలని అక్కడి పద్ధతి. ఆమె బుట్ట ఎప్పుడూ ఖాళీయే. అక్కడికక్కడే కుట్టు విప్పి, సరిచేసి గానీ పంపదు. పదకొండేళ్లలో ఆమె చూసిన చొక్కా ఒక్కటీ వెనక్కి రాలేదు. రోజుకి చూసినవి మాత్రం అందరికంటే తక్కువ.

గాజు గదిలో కూర్చునే పెద్దలు కాజాల దగ్గర ఒక్క మిషనే పెడతారు. దాని ముందు చొక్కాలు కొండలా పేరుకుంటాయి, ఆ తర్వాతి పనివాళ్లు చొక్కాలందక గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు. ఇంకో మిషన్ పెట్టమని ఒకసారి చెప్పింది. "అవి నిర్ణయించడానికి వేరే చదువుండాలమ్మా" అని మేనేజరు నవ్వాడు. ఆ నవ్వు మనసులో పెట్టుకునే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసింది. ఇప్పుడామెకు ముప్పై మూడు.

ఏడాదిగా నమూనా పరీక్షలు రాస్తోంది. నలభై నిమిషాల్లో ఇరవై రెండు లెక్కలు. ఎప్పుడు రాసినా తొమ్మిదే అవుతాయి. ఆ తొమ్మిదీ ఒప్పే. కానీ సీటు రావాలంటే పదిహేనైనా కావాలి.

భోజనాల గంట కొట్టగానే ఆఖరి నమూనా పేపరు తీసింది. పక్క బల్ల పెద్దమ్మ డబ్బా మూత తీస్తూ, "ముందు తినవే. పరీక్ష ఎక్కడికీ పారిపోదు" అంది.

"రాశాక తింటా పెద్దమ్మా. నువ్వు టైము చూడు."

మూడు లెక్కలు చకచకా అయిపోయాయి. నాలుగోది గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిదిమందిని కూర్చోబెట్టేది. ఆరుగురు కుదిరారు. కలం ఆగిపోయింది.

పెద్దమ్మకి ఆ పేపర్లో ఒక్క ముక్క రాదు. ఆగిన కలం మాత్రం కనిపించింది. "ఏమే, ఇందాకట్నించీ అక్కడే ఉన్నావు?"

"ఇంకిద్దరు కుదరట్లేదు. కొంచెం ఆగితే తేలిపోతారు."

"వాళ్లేమన్నా నీ చుట్టాలా, అందరినీ కూర్చోబెట్టిగానీ లేవనంటావు?" పెద్దమ్మ తన మణికట్టుకు చుట్టుకున్న ఎర్ర దారంలోంచి ఒక ముక్క తెంపి ఆ లెక్క మీద అడ్డంగా పెట్టింది. "బుట్టలో వెయ్. అవతల మంచి చొక్కాలు ఎన్ని పడున్నాయో చూడు."

ఆమె చెయ్యి ఒక్క క్షణం మొండికేసింది. తర్వాత పేజీ తిప్పింది. పదమూడోది చిన్న నిష్పత్తి, కళ్లు మూసుకుని చెయ్యొచ్చు. పందొమ్మిదోది ఇంకా తేలిక. ఇలాంటివి ఏడాదంతా పేపరు చివర ఆమె కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయన్నమాట! చెవులు వేడెక్కాయి. కలం పరుగు తీసింది.

సమాధానాలు సరిచూసుకున్నాక పేపరు పెద్దమ్మ వైపు తిప్పింది. "పదిహేడు చేశాను పెద్దమ్మా. ఒక్కటే తప్పు."

"ఒకటి తప్పా? ఆ చొక్కా వెనక్కొస్తుందే."

"రానీ" అంది ఆమె. ఇద్దరూ నవ్వేశారు. చల్లారిపోయిన అన్నం అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

మూడున్నరకి చేతిలో ఒక నీలం చొక్కా. కాలరు కింద కుట్టు చీమంత ముడత పడింది. అలవాటుగా చెయ్యి కత్తెర దగ్గరికి వెళ్లింది. గోడ గడియారం చూసింది. కత్తెర వదిలేసి, కాజాకి దారం కట్టి, చొక్కాని బుట్టలో వేసి, సంచీ భుజాన తగిలించుకుంది.

"వస్తా పెద్దమ్మా."

పెద్దమ్మ చేతిలోని చొక్కా మీంచి తల ఎత్తలేదు. "అక్కడ ఎవరినీ కూర్చోబెట్టకు."

"కూర్చోబెట్టను."

గేటు దాకా నడిచి, అక్కణ్నించి చిన్నపిల్లలా పరుగెత్తింది.

షెడ్డులో మిషన్లు అలాగే మోగుతున్నాయి. పదకొండేళ్లు ఖాళీగా ఉన్న బుట్టలో ఒకే ఒక్క నీలం చొక్కా, ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతున్న దాని ఎర్ర దారం కొస.