పెట్టె ముందు దీపం

"పెట్టెకు దీపం పెట్టినవానే కొమురమ్మా?"

పొద్దుగూకేసరికి మా అత్త ముత్తమ్మ నోటి నుంచి ఈ మాట రావలసిందే. గనిలో రాళ్ళు మోసి వచ్చి నేనింకా కాళ్ళు కడుక్కోకముందే వస్తుంది. పిల్ల ఏడుస్తున్నా, పొయ్యి మీద జొన్న గటక అడుగంటుతున్నా ముందు దీపం. ఆ దీపం దేవుడికైతే నాకూ పేచీ లేదు. మా ఇంట్లో దీపం పెట్టేది తూటాల పెట్టెకి. రాయి పగలగొట్టే మందు, తూటాలు, వాటిని అంటించే వత్తి, అన్నీ ఆ చెక్కపెట్టెలోనే ఉంటాయి. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మీద నిమ్మకాయ ఉంచి, ముందు నూనె దీపం వెలిగించి దండం పెట్టాలి. మనకు అన్నం పెట్టే తల్లి అంటుంది అత్త. దంచి, వండి, వడ్డించి, ఆఖరికి మిగిలింది తినేది నేనైతే అన్నం పెట్టే తల్లి ఆ పెట్టె ఎట్లా అయిందో నాకు అర్థమయ్యేది కాదు. ఆ మాట పైకి అంటే, గనిలో తూటాలు పేల్చే మేస్త్రి మా ఆయన తిరుపతయ్య ఊరుకోడు.

ఒకప్పుడు పెట్టె ఇంట్లో ఉండేది కాదు. మేళ్ళచెరువు దగ్గర మా సున్నపురాయి గని చివర, మనుషులు మసలని చోట ఒక రాతి గది ఉంది. మందు అందులోనే ఉండాలి, నిప్పు ఆ ఛాయలకి పోకూడదు. అది పాత పద్ధతి. రజాకార్ల గొడవలు, వెంటనే మిలటరీ రావడం, అడవుల్లో ఉన్నవాళ్ళ కోసం వెతుకులాటలు, వీటన్నిటి మధ్య మందు ఎవరైనా ఎత్తుకుపోతారని మా గని నడిపే కోదాడ గుత్తేదారుకి భయం పట్టుకుంది. గది ఖాళీ చేయించి పెట్టెని మా ఇంట్లో దింపించాడు. "నీ ఇల్లయితే నాకు నిశ్చింత మేస్త్రీ" అన్నాడు. తన మేడలో పెట్టుకోవచ్చు కదా, అక్కడ కాపలావాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ ఆయన భార్యాపిల్లలు ఉన్నారు మరి. ఆ తేడా మా ఆయనకి తట్టలేదు. గుత్తేదారు అంతటివాడు తనని నమ్మాడని నాలుగు రోజులు ఛాతీ విరుచుకొని తిరిగాడు.

గనిలో ఆయన్ని చూస్తే ఎంత జాగ్రత్తపరుడో అనిపిస్తుంది. చుట్ట ముట్టించుకొని దగ్గరికొచ్చాడని ఒక కూలివాడి చెంప ఛెళ్ళుమనిపించాడు. "మందు కాడ నిప్పేందిరా, అందరం సావాల్నా?" అన్నాడు. నేను తట్ట నెత్తిన పెట్టుకొని అక్కడే ఉన్నాను. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, పెట్టె ముందు దీపం కొడిగట్టిందని నా మీద అరిచాడు. గనిలో ఆయనన్న ఆ అందరిలో నేనూ నా పిల్లా లేమా అని అడగాలనిపించింది. అడిగితే ఏమంటాడో తెలుసు. "ఇంట్ల దీపం, గనిల చుట్ట ఒకటేనానే?" అంటాడు.

ఇంతకీ ఆ పెట్టెకి నేను చేసే చాకిరీ దీపంతో అయిపోదు. రాయిలో బెజ్జం తొలిచి తూటా దూర్చాక, పైన మెత్తటి మట్టి కూరి గట్టిగా మూయాలి. ఆ మట్టి ముద్దలు చేసేది మేస్త్రుల పెళ్ళాలు. చెరువు ఒడ్డు నుంచి మట్టి తెచ్చి, గడ్డీగాదం ఏరి, నానబెట్టి, పిసికి, వేలెడంత పొడుగు చుట్టాలి. దానికి కూలి ఉండదు. "ఇంట్ల కూసొని చేసే పనికి కూలేంది?" అంటాడు మా ఆయన. నేను ఇంట్లో కూచున్నది ఎప్పుడో ఆయనే చెప్పాలి.

ఆ మట్టి దగ్గరే నాకు ఈదమ్మ దొరికింది. గుట్ట అవతలి గనిలో బుచ్చయ్య మేస్త్రి భార్య. వాళ్ళ ఇంట్లోనూ ఒక పెట్టె, ఒక దీపం. ఇద్దరం చెరువు ఒడ్డున కూచొని అత్తల్నీ మొగుళ్ళనీ ఆడిపోసుకుంటూ మట్టి తవ్వేవాళ్ళం. ఆఖరిసారి కలిసినప్పుడు ఆమె పిసుకుతూ పిసుకుతూ ఒక మట్టిబెడ్డ నోట్లో వేసుకుంది. ఇదేం రుచే అని నేను నవ్వాను. ఆమె అటూ ఇటూ చూసి నా చెవిలో ఒక మాట చెప్పి, ఎవరికీ చెప్పనని నా బిడ్డ మీద ఒట్టు పెట్టించుకుంది.

తర్వాత కొద్ది రోజులకే, దీపాలు పెట్టే వేళ, గుట్ట అవతల భూమి అదిరింది. గని పేలుళ్ళు అలవాటైన చెవులకి కూడా అది వేరే చప్పుడని తెలిసింది. మేం పోయేసరికి బుచ్చయ్య ఇల్లు లేదు. ఈదమ్మ లేదు. బుచ్చయ్య గనిలో ఉండి బతికాడు. అప్పుడు ఆమె ముట్టయి, ఇల్లు తాకకుండా మేకల కొట్టంలో ఉందట. వాళ్ళ అత్త వేరే ఊరికి పోవడంతో, దీపం పెట్టే దిక్కు లేక, తానే లోపలికి పోయి వెలిగించిందట. అంతే, అందరికీ కారణం దొరికింది. ముట్టు చేత్తో తల్లిని తాకింది, తల్లి ఓర్వలేదు అన్నారు. గుత్తేదార్లు ఊపిరి పీల్చుకున్నారు. మందు పక్కన దీపమేమిటని ఒక్కడూ అడగలేదు. మా అత్త అయితే నెల రోజులు అదే పాట. "పాపిష్టిది, తనూ పాయె, ఇల్లూ పాయె." ఆ మాట విన్నప్పుడల్లా ఈదమ్మ నా చెవిలో చెప్పింది బయటపెట్టాలనిపించేది. బిడ్డ మీద పెట్టిన ఒట్టు గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని.

పెట్టె తీసెయ్యమని మా ఆయన్ని బతిమాలాను. "గుత్తేదారు మాట కాదంటే మేస్త్రీ పని ఉంటదా?" అన్నాడు. "నువ్వు శుద్ధిగ ఉంటే ఏం గాదు" అన్నాడు.

మా పిల్లకి ఏడాది నిండింది. తొట్టెలలో ఉండటం మానేసి ఇల్లంతా పాకుతోంది. ఒక సాయంత్రం నేను పిండి కలుపుతుంటే పాక్కుంటూ పోయి దీపం ప్రమిద పట్టుకొని లాగింది. నూనె ఒలికింది. మంట నూనె వెంట పాకి పెట్టె అడుగు చెక్కని అంటుకుంది. నేను పిండి చేతులతోనే దాన్ని చరిచి చరిచి ఆర్పాను. నా అరచెయ్యి బొబ్బలెక్కింది, పెట్టెకి నల్లటి మచ్చ పడింది. అత్త పరుగున వచ్చి మొదట చూసింది ఆ మచ్చని. లెంపలేసుకొని, పిల్లని ఎత్తుకుపోయి, పాత చీర పేలికతో దాని నడుముని మంచంకోడుకి కట్టేసింది.

"పిల్ల తిరుగుడు బందువెడితే అన్నీ మంచిగుంటయి" అంది. మా ఆయన వచ్చి, విని, ముడి ఇంకొంచెం బిగించాడు.

నా బిడ్డ ఆ ముడి కేసి, నా కేసి చూసి ఏడ్చింది. పెట్టె కదలదట, పిల్లే కదలకూడదట. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కోపమే.

మర్నాడు పొద్దున్నే పిల్లని ఒళ్ళో వేసుకొని పెట్టెకి మూరెడు దూరంలో కూచున్నాను.

"అత్తా, నాకు ముట్టయింది."

"అయితే గీడ కూసున్నవేందే? కొట్టంలకు నడువ్."

"పోను. పిల్లకు దగ్గున్నది, మేకల నడుమ పండుకోబెట్టను. ఒక్క కప్పు కింద నేనూ ఈ తల్లీ ఉండొద్దంటరు గద. పెట్టెనే పంపుండ్రి."

అత్త రెండడుగులు వెనక్కి వేసింది. ఈదమ్మ ఇల్లు కళ్ళముందు మెదిలి ఉంటుంది. "తియ్యిరా తిరుపతీ, ముందు దాన్ని తియ్యి" అని కొడుకుని తొందరపెట్టింది. మా ఆయన నన్ను తిట్టుకుంటూనే మనుషుల్ని పిలిచి పెట్టెని రాతి గదికి మోయించాడు. పిల్ల నడుము ముడి విప్పాను. ఖాళీ అయిన ఆ మూలకి పాక్కుంటూ పోయి కూచొని, గోడ మీద పసుపు గీకుతూ ఆడుకుంది. చాలా కాలం తర్వాత నాకు కడుపునిండా నిద్ర పట్టింది.

అయిదో రోజు పెట్టె వాకిట్లోకి తిరిగొచ్చింది. ఒక కొస మా ఆయన, ఇంకో కొస బుచ్చయ్య. ఇల్లు పోయాక బుచ్చయ్య మా గనిలోనే చేరాడు. నేను పిల్లని చంకనేసుకొని గడపకి అడ్డంగా నిలబడ్డాను.

"తలంటు పోసుకున్నవా?" అంది అత్త వెనకనుంచి.

"నాకు ముట్టే కాలే అత్తా."

"ఏందీ?"

"అబద్ధమాడిన. మీరు నా మాట ఇనరు, ముట్టు మాటయితే ఇంటరు."

మా ఆయన కళ్ళెర్రజేశాడు. "తల్లి తోటి పరాచికాలా? ఈదమ్మ గతి మర్సినవా?"

నేను బుచ్చయ్య వైపు తిరిగాను.

"అన్నా, నీకు దండం పెడతా, ఒట్టు తప్పుతున్న. ఈ ఉపాయం నాకు నేర్పిందే ఈదమ్మ. ఆమెకు ముట్టు కాలే. కడుపుతోటి ఉండె."

బుచ్చయ్య నా కేసే చూస్తున్నాడు. "కొట్టంల కూసున్నది గదా చెల్లే" అన్నాడు.

"రెండు కడుపులు పోయినయి గదా. ఇది నిలిచేదాంక ఎవ్వరి కండ్లల్ల పడొద్దనుకున్నది. అందుకే నెలనెలా ముట్టయిందని పోయి కూసున్నది. గా మూడు దినాలన్న రాళ్ళు మొయ్యకుంట ఉండొచ్చనుకున్నది. ఆమె చేతుల మైల లేదన్నా. దీపం ఉన్నది. మనమే పెట్టమన్న దీపం."

బుచ్చయ్య పెట్టెని మెల్లగా, చంటిపిల్లని దింపినట్టు నేల మీద దింపాడు. అక్కడే దాని పక్కన కూలబడి, ముఖం చేతుల్లో దాచుకున్నాడు. మా ఆయన ఒక్కడే ఒక కొస పట్టుకొని వంగి ఉన్నాడు.

"ఇగ ఈ పెట్టె గడప దాటితే నేనూ పిల్లా దాటిపోతం" అన్నాను. "గుత్తేదారు అడిగితే గీ మాట నేనే చెప్తా. గదికి కావలి కావాల్నంటే ఆయన్నే మనిషిని పెట్టుకోమను. పెట్టెకు దీపం నేను పెట్టను, ఎవ్వరినీ పెట్టనియ్యను."

ఆయన నోరు తెరిచాడు. అంతలో బుచ్చయ్య లేచాడు. "పట్టు తిరుపతీ, రాతి గదికి పోదాం" అన్నాడు. ఆ గొంతు విని మా ఆయన నోరు మూసుకొని తన కొస ఎత్తాడు.

ఆ పొద్దుగూకాక నేను ప్రమిద కడిగి, నూనె పోసి, వెలిగించి, పిల్లకి అందని గూట్లో పెట్టాను. అలవాటు కొద్దీ అత్త అడగబోయి ఆగింది. గూటి కేసి చూసి, "ఎవలకు పెట్టినవే?" అంది మెల్లగా.

"ఈదమ్మకు."

అత్త లేచి వచ్చి, వత్తి కొంచెం పైకి ఎగదోసి, దండం పెట్టుకుంది.