బిడ్డంత మట్టి

"ఆ బురద చేతులతో నా చొక్కాలు ముట్టుకోకు" అన్నారు మావారు, నేను ఆయన ఐదో చొక్కా ఇస్త్రీ చేస్తుండగా. రెండుసార్లు సబ్బుతో కడుక్కున్న చేతులే అవి. మట్టిపని చేసేవాళ్ళకి గోళ్ళ సందుల్లో ఎంతో కొంత మిగులుతుంది. "అసలెందుకా పని? అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని కూడా అన్నారు. అడుసు తొక్కేదీ నేనే, కాళ్ళు కడుక్కునేదీ నేనే, ఆయన బూట్లతో నడిచిన నేల తుడిచేదీ నేనే. సామెత ఒక్కటే ఆయనది.

నేను పనిచేసేది పింగాణీ వర్క్‌షాపులో. పోయిన పసిబిడ్డల జ్ఞాపకంగా దీపాలు చేస్తాం. గుండ్రటి గూడులా ఉంటాయి, చుట్టూ చిన్న చిన్న చిల్లులు. లోపల ఒత్తి వెలిగిస్తే గోడంతా వెలుగు చుక్కలు పడతాయి. బిడ్డ పుట్టినప్పుడు ఎంత బరువుందో దీపమూ అంతే బరువుండాలి. తల్లి చేతుల్లోకి తీసుకోగానే అది తెలియాలి. ఆ ఆలోచన నాది. దీపం అడుగున సంతకం మాత్రం యజమానిది. "నీకెందుకమ్మా పేరూ గీరూ, మళ్ళీ ఇంట్లో గొడవ" అంటాడాయన, నా మేలు కోరినట్టే.

మొదటి దీపానికే తప్పు చేశాను. బిడ్డ బరువెంతో అంతే తడిమట్టి తూచి చేశాను. ఎండి, బట్టీలో కాలాక కిలోకి పావుకిలో పైనే తగ్గుతుందని తెలిసి కూడా ఆత్రంలో మర్చిపోయాను. ఆ తల్లి, బట్టలు కుట్టే ఆవిడ, దీపాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చి మార్చి చూసింది. చివరికి "మావాడు ఇంత తేలిక కాదమ్మా" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ చేసిచ్చాను.

అప్పటినుంచి నలభై దాకా చేసి ఉంటాను. నా కూతురిది మాత్రం చెయ్యలేదు. ఎలా చేస్తాను? దాని బరువు నాకు తెలియదు. తొమ్మిదేళ్ళ కిందట కడుపులోనే పోయింది. ఆపరేషన్ చేసి తీశారు. నాకు స్పృహ వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. చూడకపోవడమే మంచిదని అందరూ కలిసి తీర్మానించారు, నన్ను తప్ప. ఆస్పత్రి కాగితాలు మావారు చింపేశారు. "ఇంకోటి పుడితే అదే మర్చిపోతుంది" అన్నారు అత్తయ్య. కొడుకు పుట్టాడు. వాడంటే నాకు ప్రాణం. అయినా దాన్ని మర్చిపోలేదు. నాకు బాధ కంటే కోపమే ఎక్కువ. ఈ మాట నాకు నేను చెప్పుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది.

చొక్కా మడిచిపెట్టి అడిగాను. "పాప ఎంత బరువుందండీ?"

ఆయన పేపరు దించలేదు. "మళ్ళీ మొదలెట్టావా? నాకేం గుర్తు?" అని, ఆదివారం కదా, క్షవరానికి వెళ్ళిపోయారు. కొడుకు అప్పటికే ఆటకి పోయాడు.

సంచిలో తెచ్చుకున్న మట్టి తీసి భోజనాల బల్ల మీద పెట్టాను. అవతలి కొసన అత్తయ్య బఠాణీలు వలుస్తున్నారు.

"తినే బల్ల మీద అదేంటమ్మాయ్!"

"అత్తయ్యా, ఆ రోజు పాపని ఎత్తుకుంది మీరేగా. ఎంత బరువుంది?"

"నేనేమన్నా తూచానా ఏంటి?" అని విసుక్కున్నారు. నాలుగు కాయలు వలిచారు. ఐదోది చేతిలోనే ఉండిపోయింది. లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి, మట్టి వంక కాసేపు చూశారు. "తువ్వాల్లో చుట్టి ఇవ్వు" అన్నారు.

చుట్టి ఇచ్చాను. మోచేతి మడతలో ఆనించుకుని తల అడ్డంగా ఊపారు. "ఇంత తక్కువ కాదు. బొద్దుగా ఉంది." ఇంకో ముద్ద కలిపాను. "ఇంకొంచెం." కలిపాను. "అబ్బే, ఎక్కువైంది, చారెడు తియ్యి." తీశాను. ఈసారి తువ్వాలు అంచు సర్ది దగ్గరికి హత్తుకున్నారు. నిలబడినచోటే మెల్లగా ఊగుతున్నారు. "ఒక్క నిమిషం నీ పక్కన పడుకోబెడతానన్నాను. మావాడు వద్దన్నాడు. నేనూ నోరు మూసుకున్నాను. మూసుకోకుండా ఉండాల్సింది" అన్నారు. నా దగ్గర అత్తయ్య తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

మూట విప్పి వంటింటి త్రాసు మీద పెట్టాం. రెండు కిలోల ఏడువందల గ్రాములు. నా కూతురు రెండు కిలోల ఏడువందల గ్రాములు! కాలితే తగ్గేదానికి ఇంకా ఎంత కలపాలో అప్పుడే మనసులో లెక్క మొదలైంది. రేపే మొదలుపెడతాను, యజమాని చూస్తే చూడనీ. అత్తయ్య మట్టిని మళ్ళీ తువ్వాల్లో చుట్టి నా చేతుల్లో పెట్టారు. "తల ఇటు" అంటూ నా మోచేయి సర్దారు.

తలుపు తోసుకుని మావారు వచ్చారు. బల్ల చూశారు, నన్ను చూశారు. "ఆకలేస్తోంది. భోజనం పెట్టవా?"

"పొయ్యి మీదే ఉంది, నువ్వే పెట్టుకోరా" అన్నారు అత్తయ్య. "అమ్మాయి చేతుల్లో బిడ్డ ఉంది."