శుక్రవారం తెరిచే గేటు

మేడ మీది కిటికీ తెర వెనక నిలబడి సిత్ రుదైనా కింద ఒకావిడ పక్కనున్న చక్రాల సంచీనే చూస్తోంది.

జోర్డాన్ రాజధాని అమ్మాన్ తూర్పు భాగంలోని ఆడపిల్లల బడికి ఆమె ప్రధానోపాధ్యాయురాలు; అందరూ 'సిత్' అనే పిలుస్తారు, అంటే మేడమ్. సెలవు రోజైన శుక్రవారం బడి మైదానాన్ని పేటలోని ఆడవాళ్ల ఆటలకు తెరిపించడానికి ఏడాదిపాటు విద్యాశాఖ మెట్లెక్కి దిగింది. బడి సొత్తు ఏది పోయినా గేటు మూసేస్తానని సంతకం కూడా పెట్టింది. గేటు తెరిచి నాలుగు వారాలు. నీళ్ల ట్యాంకులు ఖాళీ కావడం మొదలై మూడు వారాలు. నీళ్లు వారానికొకసారి వచ్చే ఊళ్లో అది చిన్న దొంగతనం కాదు. ఆదివారం తనిఖీ. ఈలోగా దొంగ దొరకాలి, లేదా గేటు మూయాలి.

ఫోన్ మోగింది. కాపలాదారు అబూ నవ్వాఫ్. ఆడవాళ్లు ఆడే వేళ అతను గేటు బయటే ఉండాలి.

"ఆవిడే సిత్, ఉమ్ ఘైస్. సంచీలో ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. నా కళ్లతో చూశా."

"నిండినవా, ఖాళీవా?"

"జిప్పు సందులోంచి అంత తెలుస్తుందా? ఆరుగురు మగపిల్లల తల్లి. వాళ్ల బట్టలుతకాలంటే మన ట్యాంకులు సరిపోతాయా?"

కింద వాలీబాల్ జోరుగా సాగుతోంది. "కొట్టవే! ఆ బంతి మీ అత్తగారనుకో!" ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. రుదైనాకు ఆ నవ్వు మీద కూడా అనుమానం వచ్చింది. కొందరు ఇలా గోల చేస్తుంటే, ఒకరు అటు పని కానిస్తున్నారా?

ఉమ్ ఘైస్ సంచీ లాక్కుంటూ మరుగుదొడ్ల వెనక్కి మళ్లింది. రుదైనా రెండేసి మెట్ల చొప్పున దిగింది.

కుళాయిల దగ్గర వంగి ఉంది ఆవిడ. చేతిలో డబ్బా.

"దొరికావు! ఎన్ని వారాలుగా మోస్తున్నావ్ మా నీళ్లు?"

బంతి ఆగిపోయింది. అందరూ అక్కడికి చేరారు. ఉమ్ ఘైస్ మెల్లగా నడుమెత్తి, పక్కనున్న కుళాయి తిప్పింది. గుర్రుమంది. చుక్క రాలేదు.

"మీ నీళ్లేవి, సిత్? నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కుందామంటే ఇదీ వరస. అందుకే ఇంటినుంచి మోసుకొస్తున్నా. మూడు డబ్బాలు, మెట్లదారి ఎక్కి, ఈ మోకాళ్లతో."

"మరి ట్యాంకులు?"

"పైకి చూడండి."

గోడ అవతల ప్రతి డాబా మీదా ఉతికిన దుప్పట్లు రెపరెపలాడుతున్నాయి.

"మా నీళ్ల వంతు మంగళవారంనుంచి శుక్రవారానికి మార్చి మూడు వారాలైంది. ఇవాళ ఉతకని కొంప లేదు. మీకు మెసేజ్ రాలేదా?"

రాలేదు. బడి కనెక్షన్ ఇంకా రిటైరైన పాత హెడ్మాస్టరమ్మ ఫోన్ మీదే ఉంది. రుదైనా ఇల్లు ఊరికి ఆ చివర. అక్కడి వంతు వేరు. పోయిన చలికాలం పైపు పగిలాక, గురువారం మధ్యాహ్నం నుంచి ఆదివారం దాకా పెద్ద వాల్వు కట్టేయమని అబూ నవ్వాఫ్‌కు రాసిచ్చింది ఆమే. మూడు శుక్రవారాలు నీళ్లు బడి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయి, ట్యాంకులు నిండనే లేదు.

ఆమె పరుగెత్తి వాల్వు తిప్పింది. మీటరు గిర్రున తిరిగింది. తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు ఇళ్లకు పోవడానికి పైన నల్లటి అబాయాలు తొడుక్కుంటున్నారు.

"దొంగలన్న చోట ఏం ఆట?" ఒకామె అంది. "ఏ కిటికీలోంచి చూస్తోందో ఇన్నాళ్లూ!"

ఇప్పుడు అనుమానమంతా వాళ్ల కళ్లలో ఉంది.

ఉమ్ ఘైస్ మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ వంచి రుదైనాకూ ఒక కప్పు అందించింది. రుదైనా నేల మీద చతికిలబడి, కప్పు ముట్టకుండా ముందు పెట్టుకుంది.

అందరూ ఇటు తిరిగారు. అక్కడ సంబంధం అడగడానికో, తగువు తీర్చడానికో వచ్చిన పెద్దమనుషులు చేసే పని అది. అడిగింది ఇస్తామనేదాకా ఆ కాఫీ తాగరు.

"పెళ్లికొడుకెవరు, సిత్?" ఎవరో కిసుక్కుమన్నారు.

రుదైనా నవ్వలేదు. "అందరి ముందూ అన్నాను. అందరి ముందే అడుగుతున్నా. తప్పు నాది. వచ్చే శుక్రవారం కూడా రండి."

ఉమ్ ఘైస్ వాల్వు వైపు వేలు చూపింది.

"శుక్రవారం ఆ వాల్వు తిప్పేదీ కట్టేదీ నేనే. అబూ నవ్వాఫ్ కాదు, మీరూ కాదు."

"సరే."

"మా జట్టులో ఒకరు తక్కువ. బూట్లు తెచ్చుకోండి."

"నాకు ఆడటం రాదు."

"మాకు మాత్రం వచ్చా?" ఆవిడ కప్పును రుదైనా వైపు జరిపింది. "తాగండి, చల్లారిపోతోంది."