ఎంగిలి గొట్టం

నేను ఒక గొట్టాన్ని. మీలో మీరు తిట్టుకునేటప్పుడు పనికిమాలినవాణ్ణి గొట్టంగాడంటారని నాకు తెలుసు. కానివ్వండి, నాకేం పట్టింపు లేదు. జానెడు ప్లాస్టిక్ ఒళ్లు, ఒక కొసన నోరు, వీపు మీద అంకెలు, వాటి పక్కన జరిగే చిన్న ఎర్ర ముల్లు. గుండెల నిండా గాలి పీల్చి నాలోకి ఒక్క ఊపున ఊదితే, ఆ ఊపిరికి ఎంత బలముందో నా ముల్లు చూపిస్తుంది. అంతకు మించి నాకు మాట రాదు.

ఎక్కడో ఫ్యాక్టరీలో అచ్చుపోసి అమ్మితే గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీకి చేరాను. అక్కడ ఆఖరి సంవత్సరం పిల్లలు ప్రజల ఆరోగ్యం మీద ఒక ప్రాజెక్టు చేసి తీరాలి. చేస్తారు, పాపం. బస్తీలో మరుగుదొడ్లు, బడిపిల్లల్లో రక్తహీనత, ఆటోవాళ్ల నడుంనొప్పి... ఇలా సమాజం బాధలన్నిటికీ నల్ల అట్ట వేయించి, బంగారు అక్షరాలు కొట్టించి, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మరుసటి ఏడు పిల్లలు కాపీ కొట్టుకోవడానికి తప్ప ఆ పుస్తకాలు తెరిచిన పాపాన ఎవరూ పోలేదు. ఆ బీరువా పై అరలోనే నేనూ ఉండేదాన్ని.

నన్ను బయటికి తీసింది శేషుకుమారి. వాళ్లమ్మ గోవిందమ్మ ఊరి చివర కోల్డ్ స్టోరేజీ పక్కనున్న షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎర్రటి కుప్ప ముందు కూర్చుని తుంచడమే పని. ముక్కూ నోరూ కప్పి గుడ్డ కట్టుకున్నా ఘాటు ఆగదు. గోవిందమ్మకు దగ్గు పట్టుకుని చాలా కాలమైంది. ఆస్పత్రికి పోదాం పదమ్మా అని కూతురు పోరితే ఆవిడది ఒకటే పాట: "షెడ్డులో దగ్గనిది ఎవతే? అందరికీ ఉండేదేగా!" ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికే శేషు ఈ ప్రాజెక్టు తీసుకుంది. సారుకు మాత్రం 'శ్రామిక మహిళల శ్వాసకోశ సామర్థ్యం' అని చెప్పింది. ఆ పేరుకే కోటేశ్వరరావు సారు మురిసిపోయాడు.

షెడ్డులో అడుగుపెట్టగానే నాకే తుమ్ము వచ్చినంత పనయింది. శేషు అందరి ముందూ నన్ను నోట్లో పెట్టుకుని ఎలా ఊదాలో చూపించింది. స్పిరిట్ దూదితో తుడిచి తల్లికిచ్చింది. గోవిందమ్మ నన్ను ముఖాన గుడ్డ కిందికి దూర్చుకుని, పెదవులు బిగించి, ఉన్న బలమంతా పెట్టి ఊదింది. ముల్లు నూట యాభై దగ్గర ఆగింది. మామూలుగా అయితే మూడు వందల దాకా పోవాలి.

తర్వాత మస్తానమ్మ. షెడ్డుకంతా పెద్దదిక్కు, నోరు పెద్దది, మనసు మంచిది. ఆవిడా నన్ను గుడ్డ కిందికే తీసుకుంది గానీ పెదవులకు తగలనివ్వలేదు. కాస్త ఎడంగా పట్టుకుని పొయ్యి ఊదినట్టు ఊదింది. సగం గాలి నా చెంపల పక్కనుంచి పోయింది. ఆవిడ వెనక వచ్చినవాళ్లంతా అదే వరస. గుడ్డ చాటున జరిగేది శేషుకు కనపడదు, ఆ పిల్ల చూపంతా ముల్లు మీదే. నూట నలభై, నూట అరవై, మళ్లీ నూట యాభై అని రాసుకుంటూ పోయింది.

ఇంటికొచ్చాక గోవిందమ్మ గెలిచినట్టు నవ్వింది. "చూశావా? నేను చెప్పలా? అందరిదీ ఒకటే లెక్క. ఇంక ఆస్పత్రి ఊసెత్తమాకు."

శేషు కూడా, అంతమంది ఊపిరి పాడైందని దిగులుపడాల్సింది పోయి, అమ్మ ఒక్కతే కాదులే అని తేలికపడింది. మనుషులింతే, నలుగురితో కలిసి మునిగితే తడవమనుకుంటారు. ఆ రాత్రి తల్లీకూతుళ్లు హాయిగా నిద్రపోయారు.

సారైతే ఎగిరి గంతేశాడు. "ఇంత ఘోరమైన ఫలితం మన కాలేజీలో ఎప్పుడూ రాలేదమ్మా! బ్రహ్మాండం!" అన్నాడు. ఘోరం బ్రహ్మాండం ఎట్లా అవుతుందో చదువుకున్నవాళ్లకే తెలియాలి. అట్ట మీదికి మంచి ఫొటో ఒకటి తెమ్మని కూడా పురమాయించాడు.

ఫొటో కోసం శేషు మళ్లీ షెడ్డుకు వెళ్లింది. నేను సంచిలో ఉన్నాను. అందరూ అన్నాలు తింటున్నారు. ఒకే నీళ్ల సీసా చేతులు మారుతోంది. ఒక్కరూ మూతి ఆనించరు, తల వెనక్కి వాల్చి, ఎత్తి పోసుకుంటున్నారు. శేషు ఫోను దించేసింది.

"పిన్నీ, ఆ రోజు గొట్టం నోట్లో పెట్టుకునే ఊదావా?" అని మస్తానమ్మను అడిగింది.

"ఛీ, అదేం మాటే! అందరి ఎంగిలీ నోట్లో ఎట్టా పెట్టుకుంటాం? దూదితో తుడిస్తే ఎంగిలి పోద్దా? నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలా. గాలైతే ఊదాంగా!"

"అందరూ అట్టాగేనా?"

అందరూ తలలూపారు. శేషు నెత్తి కొట్టుకుంది. "నా తెలివి తెల్లారినట్టే ఉంది."

సంగతి విని సారు ముఖం మాడ్చుకున్నాడు. "పోనీలేమ్మా, బైండింగుకు ఇచ్చే టైములో ఇప్పుడీ తలనొప్పి ఎందుకు? ఎవరడుగుతారు?" అన్నాడు. శేషు వినలేదు. మనిషికొకటి చొప్పున వాడి పారేసే అట్టమూతులు కొని, నా నోటికి తొడిగి, మళ్లీ ఊదించింది.

ఈసారి ముల్లు పరిగెత్తింది. మూడు వందలు, మూడు వందల ఇరవై. కొందరివి కాస్త తక్కువ. మస్తానమ్మ ఊదితే మూడు వందల యాభై. "నా ఊపిరికేం రోగం? మా ఇంటాయన్ని కేకేస్తే మూడు వీధులకు వినపడద్ది!" అంది. షెడ్డంతా ఒకటే నవ్వు.

చివరికి గోవిందమ్మ వంతు. "నాది అప్పుడే అయిందిగా" అని తప్పించుకోబోయింది. శేషు కొత్త అట్టమూతి తొడిగి చేతికిచ్చింది. గోవిందమ్మ ఊదింది. నూట యాభై.

"మళ్లీ ఊదు."

నూట యాభయ్యే. నవ్వులు ఆగిపోయాయి.

"నువ్వూ ఆ రోజు ఎడంగానే పట్టుకున్నావు కదమ్మా?" అని శేషు అడిగింది. అవుననమ్మా అని బతిమాలుతున్నట్టుంది.

"నేనెందుకు ఎడంగా పట్టుకుంటానే? నాకంటే ముందు ఊదింది నువ్వేగా. బిడ్డ ఎంగిలి తల్లికి ఎంగిలా?"

శేషు తొడిమల కుప్ప మీదే కూలబడి ఏడ్చేసింది. నాకు ఆ సంగతి మొదటి రోజే తెలుసు. నేను చెప్పాల్సింది నూట యాభై అని అప్పుడే చెప్పాను.

మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని డాక్టరమ్మ కేకలేసింది. పీల్చే మందు రాసిచ్చి, షెడ్డు వైపు చూడొద్దంది. రోజూ పొద్దున్నే ఊది చూసుకోమంది. ప్రాజెక్టుకు నల్ల అట్ట పడింది, అత్తెసరు మార్కులూ పడ్డాయి. నన్ను ఇచ్చేయమని శేషు అడిగితే, పీడా పోయిందనుకున్నాడేమో, సారు మారుమాట లేకుండా ఇచ్చేశాడు.

ఇప్పుడు నేను వాళ్ల వంటింటి గూట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంటున్నాను. ఇంట్లో ఊరికే కూర్చోవడం గోవిందమ్మకు ప్రాణం మీదికొస్తోంది. నిన్న పొద్దున కూతురు పెరట్లో ఉండగా ఊదింది. ముల్లు రెండు వందల దగ్గర ఆగింది. ఆవిడ అటూ ఇటూ చూసి, బొటనవేలితో దాన్ని నాలుగు వందలకు నెట్టింది.

"శేషూ, రావే, చూడు! మస్తానమ్మను దాటేశా. సోమవారం నుంచి పనికి పోతున్నా."

శేషు వచ్చి చూసింది. ముల్లు కిందికి దించి, నన్ను తల్లి చేతిలో పెట్టింది.

"మళ్లీ ఊదు."

"నీ ప్రాజెక్టు అయిపోయిందన్నావుగా?"

"నాది అయిపోయింది. నీది కాలేదు."

గోవిందమ్మ ఏదో గొణుక్కుంటూనే పెదవులు బిగించి ఊదింది. ముల్లు రెండు వందల దగ్గర ఆగింది. ఈసారి దాన్ని ఎవరూ జరపలేదు.