జున్ను కాగితాలు

"అక్కడ మంచు పడతాదట కదే, మన జున్నుగాడు ఆగుతాడేటి?"

ఇడ్లీ రేకులు కడుగుతుంటే వెనకనుంచి మా బావ అడిగాడు. బావంటే మా ఆయన ఉపేంద్ర, స్వయానా మా అత్త కొడుకు. జున్ను అంటే మా కుక్క. నాలుగేళ్ళ కింద డ్యూటీ నుంచి వస్తూ నరసన్నపేట బస్టాండు దగ్గర కాలు విరిగి పడున్న కుక్కపిల్లని చున్నీలో చుట్టి ఇంటికి తెచ్చాను. దానికి అన్నం కలిపింది నేను, స్నానం చేయించింది నేను, వానలో బయటికి తిప్పింది నేను. బావ ఏనాడూ దాని గిన్నెలో నీళ్ళు పోసిన పాపాన పోలేదు. అలాంటి మనిషి తొమ్మిది నెలలుగా దాని చలి గురించి ఒకటే బెంగ!

తొమ్మిది నెలల కిందటే నాకు జర్మనీలో నర్సు ఉద్యోగం వచ్చింది. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా స్టాఫ్ నర్సుని. సెలైన్లు పెట్టిన చేత్తోనే డాక్టరుగారి చుట్టాలకి టీలు కూడా అందించాను. జర్మన్ భాష బస్సులోనే నేర్చుకున్నాను. సీటు దొరికితే ఒళ్ళో పుస్తకం, దొరక్కపోతే చెవిలో పాఠం. ఇంట్లో చదువుకుందామని కూర్చుంటే మావయ్య, "ఉల్లిపాయలు కోస్తా కూడా సదూకోవచ్చు కదమ్మా" అనేవాడు. కోస్తూనే చదివాను, పాసయ్యాను. ఉద్యోగం కాగితం వచ్చిన రోజు అందరికీ చదివి వినిపించాను, భర్తనీ పిల్లల్నీ కూడా తీసుకెళ్ళొచ్చని చెప్పాను. మావయ్య గొంతు సవరించుకుని, "మరి జున్నుగాడో?" అన్నాడు.

ఇక అంతే. ఆ రోజునుంచి నా ఉద్యోగం ఊసు ఎవరూ ఎత్తలేదు, కుక్క ఊసే ఎత్తారు. విమానంలో ఊపిరాడదట. అక్కడ గట్టిగా మొరిగితే పోలీసులొస్తారట. మన అన్నం తిన్న కుక్క అక్కడి తిండి ముట్టదట. నేనూ మొండిదాన్నే, ఒక్కోదానికీ జవాబు వెతికాను. మెడ దగ్గర చర్మం కింద గుర్తింపు చిప్పు వేయించాలన్నారు, వేయించాను. చిప్పు కంటే ముందు వేసిన రేబిస్ టీకా చెల్లదట, తెలియక అది ముందే వేయించేశాను, మళ్ళీ వేయించాల్సొచ్చింది. నెల రోజులు ఆగి, టీకా పట్టిందో లేదో చూడ్డానికి రక్తం తీయించి, పరీక్షకి పరాయి దేశం పంపించాను. ఆ పైన మూడు నెలలు ఆగాలన్నారు, ఆగాను. విమానంలో పెట్టే బోను కొని హాల్లో తలుపు తీసి ఉంచితే వారానికల్లా జున్ను అందులో కాళ్ళు చాపుకుని పడుకోవడం మొదలుపెట్టింది. మా పిల్లి పెసరని మాత్రం అత్త ఇవ్వనంది. "అది నా గడప దాటదు, దాని జోలికి రాకు" అని తేల్చి చెప్పేసింది. ఆ మాత్రం తిన్నగా మాట్లాడింది ఇంట్లో అత్త ఒక్కతే.

అసలు సంగతి నాకు తెలియకపోలేదు. వీళ్ళది మూడు తరాల స్టీలు సామాన్ల కొట్టు. ఒకరోజు నేను క్యారేజీ పట్టుకెళ్తే అక్కడ కూర్చున్న బావ స్నేహితుడొకడు, "ఏటి మావా, పెళ్ళాం వీసా మీద ఎల్తన్నావట?" అన్నాడు. బావ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ పూట క్యారేజీ విప్పలేదు. నాకు జాలేసింది, ఒళ్ళూ మండింది. నా పెళ్ళయ్యాక ఇంటి పేరు దగ్గర్నుంచి భోంచేసే వేళ దాకా అన్నీ ఆయన్ని బట్టే మారాయి, అప్పుడెవరూ నవ్వలేదే!

ఎల్లుండి హైదరాబాదులో నాకూ పిల్లలకీ వీసా అపాయింట్‌మెంటు. రేపు సాయంత్రం ఆమదాలవలసలో రైలెక్కాలి. తండ్రి వెంట రాకపోతే పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆయన సంతకం కావాలి. ఆ కాగితం వారంగా బల్లమీదే ఉంది. నాకు కాలు నిలవడం లేదు. మడతపెట్టిన బట్టలే మళ్ళీ విప్పి మడతపెడుతున్నాను. పింకీకి ఎనిమిదేళ్ళు, సాయికి నాలుగు. వాళ్ళని నాన్నకి దూరం చేస్తున్నానా? ఇక్కడే ఉండిపోతే పింకీ కూడా ఉల్లిపాయలు కోస్తూనే చదువుకోవాలా? రెండూ ఒకేసారి బుర్రలో తిరుగుతున్నాయి.

ఇడ్లీ రేకులు బోర్లించి, చేతులు తుడుచుకుని జున్ను ఫైలు తెచ్చి బల్లమీద పెట్టాను. చిప్పు నంబరు, టీకా, రక్తపరీక్ష, చెవులు నిక్కబొడుచుకున్న ఫోటో.

"జున్నువి దాదాపు అన్నీ అయిపోయాయి. నీ పాస్‌పోర్టు ఏమైంది బావా?"

"కొట్లో కుదరట్లేదే, సరుకు దిగింది" అన్నాడు. తొమ్మిది నెలలుగా దిగుతూనే ఉంది ఆ సరుకు. మళ్ళీ అందుకుని, "పోనీ, జున్నుగాణ్ణి అట్టుకుపోతే అమ్మకి తోడెవులు?" అన్నాడు.

వంటింట్లోంచి అత్త బయటికొచ్చింది, చేతిలో చింతపండు పిసుకుతున్న గిన్నె.

"నా పేరెత్తకురా. నలభయ్యేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను, నీకు తోడెవులే అని మీ నాన్న అడిగాడేటి, నువ్వడిగావేటి? ఇయ్యాల కుక్కకోసం నాను అగుపించానా?"

అనేసి లోపలికెళ్ళిపోయింది. బావ ముఖం ఎర్రబడింది. జున్ను ఫైలు పక్కకి నెట్టి, పిల్లల కాగితం దగ్గరికి లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు.

"అంటే, నన్నొగ్గేసి ఎల్లిపోతావేటి?"

తొమ్మిది నెలల తర్వాత, కుక్కని అడ్డం పెట్టుకోకుండా ఆయన అడిగిన మొదటి మాట ఇది. మొదటి నెలలోనే అడిగుంటే ఏడ్చేసి కాగితాలన్నీ చింపేసేదాన్నేమో. ఇప్పుడు కూడా కళ్ళు నిండాయి.

"వదిలెయ్యడం లేదు బావా. రమ్మని పిలుస్తున్నాను. నువ్వొస్తే నాకు కొండంత ధైర్యం. కానీ జున్నుకి చేసినట్టు నీకు చెయ్యలేను. అది కుక్క కాబట్టి దాని కాగితాలన్నీ నేను చేయించాను. నీవి నువ్వు చేయించుకుని రా."

నేను గదిలోకెళ్ళి పిల్లల స్వెట్టర్లు పెట్టెలో సర్దుతూ కూర్చున్నాను. కొంతసేపటికి హాల్లోంచి పిలుపొచ్చింది.

"సింధూరీ, పెన్ను ఎక్కడున్నాదే?"

కొట్లో చెవి మీద పెన్ను దించని మనిషికి, ఇంట్లో పెన్ను ఎక్కడుంటుందో పదేళ్ళుగా తెలియదు. కూర్చున్న చోటునుంచే జవాబు చెప్పడం నాకు అలవాటు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"వెతుక్కో బావా" అన్నాను.

హాల్లో ఒక సొరుగు తెరుచుకుంది, మూసుకుంది. తర్వాత ఇంకొకటి తెరుచుకుంది. నేను లేవలేదు.